సముద్రం పక్క మేడ మీద చెక్క డెక్కు: వార్నిష్ లేచిపోయాక స్టెయిన్ ఎలా పట్టించాలి?

మీరు అడిగింది ఇదీ: కళింగపట్నం దగ్గర ఇల్లు, మేడ మీద 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల పొడవున సాల్ (గుగ్గిలం చెక్క) పలకల డెక్కు. వార్నిష్ వేయించి ఏడాది తిరక్కముందే పొలుసులుగా లేస్తోంది, స్క్రూల చుట్టూ నల్లమరకలు. మేస్త్రీ ఈసారి ఇంకో రెండు కోటింగులు ఎక్కువ వేస్తానంటున్నాడు, బంధువులొకరు స్టెయిన్ వేయించమంటున్నారు. దేనివైపు మొగ్గాలి?

స్టెయిన్ వైపే. వార్నిష్ ఎన్ని కోటింగులు వేసినా మళ్ళీ ఇదే గతి. వార్నిష్, పీయూ (పాలీయూరిథేన్) పాలిష్, మెలమైన్ పాలిష్ అన్నీ చెక్క మీద పొరగా కూర్చునేవి. పొర అద్దంలా ఉంటే ఎండ దాని గుండా చెక్క దాకా పోతుంది. చెక్క నారల్ని ఒకదానికొకటి అతికి ఉంచే లిగ్నిన్‌ను అతినీలలోహిత కిరణాలు తినేస్తాయి. పైన పొర మెరుస్తూనే ఉంటుంది, కింద నారలు మాత్రం పట్టు వదిలేస్తాయి. ఆ తర్వాత వానలు పడతాయి. పలకల అడుగు నుంచి, కోసిన చివరల నుంచి, స్క్రూ కన్నాల నుంచి నీరు లోపలికెక్కుతుంది. ఎండ కాయగానే ఆ తేమ ఆవిరై పైకి తోసుకొస్తుంది, దారి దొరక్క పొరను బుడగలా ఎత్తుతుంది. అదే వార్నిష్ వీధి తలుపు మీద నాలుగేళ్ళు నిలిచిందని మేస్త్రీ చెబితే అబద్ధమేం కాదు. తలుపు మీద నీరు జారిపోతుంది, డెక్కు మీద నిలబడుతుంది. పైగా డెక్కును రోజూ తొక్కుతాం.

స్టెయిన్ చెక్కలోకి ఇంకుతుంది. అందులో ఉండే రంగు పొడి, అంటే పిగ్మెంట్, ఎండకు గొడుగు పడుతుంది. పాతబడితే వెలిసిపోతుంది గానీ పొలుసు లేవదు. మళ్ళీ వేయాలంటే కడిగి వేసుకోవడమే, గీకే పని ఉండదు. అలాగని ఆయుష్షు గురించి పెద్ద ఆశలు పెట్టుకోకండి. డబ్బా మీద మూడేళ్ళని ఉంటే అది నిలువు చెక్కకు అనుకోండి. ఉప్పుగాలిలో, నీడ లేని డెక్కుకు ఏడాది, మహా అయితే ఏడాదిన్నర.

శ్రీకాకుళంలోనైనా విజయనగరంలోనైనా హార్డ్‌వేర్ షాపుకెళ్ళి ఉత్తినే 'వుడ్ స్టెయిన్' అని అడిగితే పొరపాటు అక్కడే మొదలవుతుంది. చాలాసార్లు చేతికిచ్చేది ఇంట్లో ఫర్నిచరుకు రంగు పట్టించే స్టెయిన్. దాని మీద మళ్ళీ క్లియర్ కోటు వేయాల్సిందే, ఎండలో నెలల్లో వెలిసిపోతుంది. మీకు కావలసింది బయటి చెక్కకు వాడే, లోపలికి ఇంకే రకం. డబ్బా వెనక మూడు మాటలు వెతకండి: ఎక్స్‌టీరియర్, పెనిట్రేటింగ్, డెక్. బూజును ఆపే మందు కలిసిందని కూడా రాసి ఉండాలి. ఇవి లేకపోతే ఎంత పెద్ద కంపెనీదైనా వదిలేయండి.

రంగు గాఢత సంగతి. నీళ్ళలాంటి క్లియర్ రకంలో పిగ్మెంట్ ఉండదు కాబట్టి ఎండను ఆపదు. చెక్క గీతలు కనబడకుండా కప్పేసే సాలిడ్ స్టెయిన్ పెయింటుకు తమ్ముడు, డెక్కు మీద అదీ పొలుసు లేస్తుంది. మధ్యలో ఉండే సెమీ ట్రాన్స్‌పరెంట్ తీసుకోండి. సాల్ చెక్క తనంత తానే ముదురు గోధుమ రంగు, దాని మీద తేనెరంగు షేడు కనిపించదు. టేకు షేడు గానీ వాల్‌నట్ గానీ నయం. ఏదైనా ముందు ఓ మూల పలక మీద వేసి, ఆరాక చూసుకోండి.

ఆయిల్ బేస్ మంచిదా, వాటర్ బేస్ మంచిదా? సాల్, నల్లమద్ది, వేగిస లాంటి గట్టి చెక్కలోకి ఆయిల్ బేస్ బాగా ఇంకుతుంది. వాటర్ బేస్‌కు వాసన తక్కువ, బూజు కూడా తక్కువే, కానీ గట్టి చెక్క మీద పైనే నిలిచి పొర కట్టే గుణం ఎక్కువ. మీ పలకలకు ఆయిల్ బేసే. కొత్త టేకుతో ఇంకో చిక్కుంది: దాని సొంత నూనె స్టెయిన్‌ను లోపలికి రానివ్వదు. స్టెయిన్ వేసే ముందు థిన్నరు గుడ్డతో ఒకసారి తుడవాలి.

ఇక పని. మొదట స్క్రూలు. ఆ నల్లమరకలు కుళ్ళు కాదు. ఇనుము, తేమ, చెక్కలో సహజంగా ఉండే టానిన్ అనే వగరు పదార్థం మూడూ కలిస్తే సిరాలాంటి నలుపు వస్తుంది. మరక తుడిచి అదే స్క్రూ ఉంచితే ఒక్క వానకే మళ్ళీ వస్తుంది. తుప్పు పట్టినవన్నీ తీసి 316 గ్రేడు స్టెయిన్‌లెస్ స్క్రూలు వేయించండి. 304 ఊళ్ళో చాలు, సముద్రానికి ఇంత దగ్గరలో దానికీ చుక్కలు చుక్కలుగా తుప్పు పడుతుంది. సాల్‌కు ముందు డ్రిల్లుతో కన్నం వేయకపోతే పలక చీలుతుంది, లేదా స్క్రూ తల తెగుతుంది. తలలు పలక మట్టానికి 2, 3 మిల్లీమీటర్లు లోపలికి దిగాలి, లేకపోతే సాండర్ (చెక్కను రుద్దే యంత్రం) కాగితాలు చిరిగిపోతాయి. పలకల మధ్య 5, 6 మిల్లీమీటర్ల సందు ఉందో లేదో కూడా ఇప్పుడే చూడండి. సందుల్లో ఇసుక, ఆకులు ఇరుక్కుంటే అక్కడి చెక్క ఎప్పటికీ ఆరదు.

తర్వాత పాత వార్నిష్. ఇది పూర్తిగా పోవాలి. 'లేచింది గీకేసి మిగతాదాని మీద వేసేద్దాం' అంటే ఒప్పుకోకండి. వార్నిష్ మిగిలినచోట స్టెయిన్ ఇంకదు, జిగటగా మిగిలి మచ్చలు మచ్చలుగా కనబడుతుంది. గీకుడు బ్లేడుతో వచ్చినంత తీసి, సాండర్‌తో 60 నంబరు కాగితం వేయించండి. పాలిష్ మేస్త్రీల చెయ్యి అలవాటుగా 180, 220 దాకా పోతుంది, ఆపాలి. నున్నగా అయ్యేకొద్దీ చెక్క రంధ్రాలు మూసుకుపోతాయి. డెక్కుకు 80 దాటకూడదు. ఇంకో అలవాటు చెక్క రంధ్రాల్ని మూసే సీలర్ కొట్టడం. స్టెయిన్ కింద సీలర్ వేస్తే మనమే తలుపు మూసి చుట్టాన్ని పిలిచినట్టు. పగుళ్ళలో చాక్‌పౌడర్ పుట్టీ కూడా వద్దు, తొలకరికే ఊడి వస్తుంది. సన్న పగుళ్ళను అలాగే వదిలేయండి, స్టెయినే లోపలికి దిగుతుంది.

కడగడం. పచ్చగా, నల్లగా బూజు ఉంటే లీటరు గోరువెచ్చని నీటికి 60 గ్రాముల సోడియం పెర్‌కార్బొనేట్ కలిపి పూసి, పావుగంట ఆగి, నైలాన్ బ్రష్‌తో రుద్దండి. ఇనుప బ్రష్, స్టీల్ పీచు వద్దే వద్దు: తెగిన ఇనుప ముక్కలు చెక్కలో ఇరుక్కుని, తర్వాత నల్లచుక్కలై తేలతాయి. బట్టల బ్లీచింగు ద్రావణం బూజును చంపుతుంది గానీ చెక్క నారల్నీ తింటుంది. నీళ్ళతో బాగా కడిగాక ఆక్సాలిక్ యాసిడ్. లీటరు వేడినీటికి 50 గ్రాములు, ప్లాస్టిక్ బకెట్‌లో. మీ డెక్కుకు ఐదారు లీటర్లు చాలు. మొత్తం తడిపి, ఆరిపోనివ్వకుండా 20 నిమిషాలు ఉంచితే నల్లమరకలు కళ్ళముందే పలచబడతాయి. తర్వాత రెండుసార్లు నీళ్ళు పోసి కడగాలి. ఇది విషం. చేతికి తొడుగులు, కంటికి అద్దాలు పెట్టుకోవాలి, పిల్లల్నీ పశువుల్నీ దూరంగా ఉంచాలి. బ్లీచింగుతో ఎప్పుడూ కలపకూడదు, ప్రమాదకరమైన వాయువు వస్తుంది.

ఆఖరి కడుగుడు మంచినీళ్ళతోనే. తీరం వెంబడి చాలా బోర్లలో ఉప్పు తగులుతుంది, కొన్నింటిలో ఇనుము కూడా. ఉప్పు మిగిలితే అది గాలిలో తేమను లాక్కుంటూ చెక్కను ఆరనివ్వదు. ఇనుమైతే మరకలు మళ్ళీ మొదలు. నాలుగైదు డ్రమ్ముల మంచినీళ్ళు తెప్పించుకోవడం దండగ కాదు.

ఎప్పుడు వేయాలన్నది సగం పని. సంక్రాంతికి ఇంటికి సున్నాలు వేయించేటప్పుడే డెక్కు కూడా అయిపోతుందని చాలామంది అనుకుంటారు. అప్పటికి అక్టోబరు, నవంబరు వానల తేమ పలకల్లోంచి పూర్తిగా పోదు, ధనుర్మాసం మంచు పొద్దున్నే తడిపేస్తుంది. దసరా ముందైతే మరీ జూదం: 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుపాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి. సంక్రాంతి వెళ్ళాక మొదలుపెట్టి ఉగాదిలోపు ముగించండి. కడిగాక కనీసం మూడు పొడి రోజులు, పలక మందంగా ఉంటే ఐదు. తేమ మీటరు దొరికితే 15 శాతం లోపు చూపించాలి. లేకపోతే నీటి చుక్కలు వేసి చూడండి. చుక్క ముత్యంలా నిలబడితే చెక్క ఇంకా తడిగా ఉందన్నమాట, లేదా వార్నిష్ మిగిలి ఉంది. ఒకట్రెండు నిమిషాల్లో ఇంకిపోతే సిద్ధం. కడిగితే నారలు లేచి గరుకుగా అవుతుంది, 80 కాగితంతో ఒక్కసారి తేలిగ్గా రుద్ది దుమ్ము ఊడ్చేయండి.

ఎంత కొనాలి? 12 × 16 అంటే 192 చదరపు అడుగులని లెక్కేసి రెండు లీటర్లు తెచ్చుకుంటే మధ్యలో పని ఆగుతుంది. పలక వెడల్పు 4 అంగుళాలు, మందం అంగుళం అనుకుంటే, రెండు పక్కల అంచులే సగం విస్తీర్ణాన్ని కలుపుతాయి. అంటే 288. గట్టి చెక్కకు లీటరు సుమారు 80 చదరపు అడుగులు వస్తుంది. మొదటి పూతకు మూడున్నర లీటర్లు దాటుతుంది, రెండో పూతకు అందులో సగం. ఐదున్నర, ఆరు లీటర్లు తీసుకోండి, రెయిలింగ్ ఉంటే వేరే. పలకలు ఎలాగూ విప్పుతుంటే అడుగు వైపు కూడా ఒక పూత వేయండి, దానికి ఇంకో రెండున్నర లీటర్లు. ఖర్చు పెరుగుతుంది గానీ పైన మాత్రమే పూసిన పలక వంగే బెడద తగ్గుతుంది.

డబ్బాలన్నీ ఒకే పెద్ద బకెట్‌లో కలిపేయండి, లేకపోతే షేడు తేడా తెలుస్తుంది. పిగ్మెంట్ అడుగుకు దిగుతుంది కాబట్టి పదేసి నిమిషాలకు ఒకసారి కర్రతో తిప్పాలి. కిరసనాయిలు, థిన్నరు కలపనివ్వకండి. పొద్దున మంచు ఆరాక మొదలుపెట్టి, నీడను వెంబడిస్తూ పోవాలి. ఎండకు కాలిన పలక మీద స్టెయిన్ ఇంకకముందే పైన ఆరిపోతుంది. 4 అంగుళాల బ్రష్‌తో రెండు మూడు పలకలు పట్టుకుని ఈ చివర నుంచి ఆ చివర దాకా ఆపకుండా లాగండి. మధ్యలో ఆపి టీకి వెళ్తే అతుకు గీత పడి ఉండిపోతుంది. రోలరు వేగంగా పోతుంది గానీ పైన మడుగులు వదులుతుంది. కోసిన చివరలకు మాత్రం తాగినంత పట్టించండి, నారల నోళ్ళు తెరుచుకునేది అక్కడే.

పావుగంట, ఇరవై నిమిషాలకు పైన తడి మెరుపు కనబడినచోటల్లా గుడ్డతో తుడిచేయాలి. ఈ ఒక్కటీ ఎవరూ చేయరు. డబ్బు పెట్టి కొన్నది తుడిచి పారేయడమేంటని మేస్త్రీ విసుక్కుంటాడు. కానీ ఇంకనిది అక్కడే వదిలేస్తే పొర కడుతుంది. అప్పుడది స్టెయిన్ కాదు, నాసిరకం వార్నిష్. వారమైనా కాలికి అంటుతుంది, వానలో జారుతుంది, చివరికి పొలుసే లేస్తుంది. రెండో పూత డబ్బా ఒప్పుకుంటేనే, అదీ మొదటిది ఇంకా పచ్చిగా ఉండగానే, అరగంట నుంచి గంట లోపు. పూర్తిగా ఆరాక వేస్తే సాల్ లోపలికి తీసుకోదు.

తుడిచిన గుడ్డల్ని ముద్దగా చుట్టి మూల పడేయకండి. అవిసె నూనె ఉన్న స్టెయిన్ ఆరేటప్పుడు వేడి పుడుతుంది. కుప్పగా ఉంటే ఆ వేడి బయటికి పోలేక నిప్పు దానంతటదే అంటుకుంటుంది. దండెం మీద విడివిడిగా ఆరేయండి, లేదా నీళ్ళు నింపిన ఇనుప డబ్బాలో ముంచి మూత పెట్టండి.

పూత అయ్యాక 48 గంటలు వాన పడకూడదు, కాలు పెట్టకూడదు. కుర్చీలు, కుండీలు నాలుగు రోజుల తర్వాత. కుండీ కింద గుండ్రని మరక ఏ స్టెయిన్ ఉన్నా వస్తుంది, చిన్న స్టాండు మీద పెట్టండి.

ఇంజన్ ఆయిల్ పూయమని ఎవరో ఒకరు చెబుతారు. అది ఆరదు, బట్టలకు అంటుతుంది, తర్వాత ఇంకే స్టెయిన్‌నూ పట్టనివ్వదు. పలాస వైపు నుంచి వచ్చే జీడిపిక్కల తొక్క నూనె వేరే సంగతి. పడవ చెక్కకు పూసే నూనె అది, నీటినీ పురుగునూ నిజంగానే ఆపుతుంది. డెక్కు కింద ఉండే దూలాలకు, మనిషి తగలని చోట, వాడుకోవచ్చు. నడిచే పలకలకు వద్దు: నల్లగా జిగటగా ఉంటుంది, పచ్చిగా చర్మానికి తగిలితే పొక్కులు లేస్తాయి. చెదలంటారా, వాటిని స్టెయిన్ ఆపదు. దూలాలు గోడను, నేలను తాకేచోట చెదల మందు విడిగా కొట్టించాలి.

ఇక మీదట నెలకోసారి మంచినీళ్ళతో ఉప్పు కడిగేయండి, తుపాను వెళ్ళిన మర్నాడైతే తప్పనిసరిగా. ఏటా సంక్రాంతి తర్వాత అదే నీటి చుక్కల పరీక్ష, ఎక్కువ నడిచే దారి మీద. చుక్క నిలిస్తే ఆ ఏడు వదిలేయండి. ఇంకిపోతుంటే కడిగి, ఆరబెట్టి, ఒక్క పలుచని పూత. దానికి మూడు లీటర్ల లోపే పడుతుంది, సాండర్ అక్కర్లేదు.