స్టీరింగ్ జాయింట్ వదులైతే...

ప్రశ్న: మా పాత జీపు స్టీరింగ్ రెండంగుళాలు తిప్పినా చక్రం కదలదు, టక్‌టక్ మంటోంది. షాఫ్ట్ జాయింట్‌లో క్రాస్ (మధ్యలోని ప్లస్ ఆకారపు ముక్క) ఒక్కటే మార్చుకోవచ్చా?
– ఒక పాఠకుడు, ఉప్పల్

జవాబు: లోపం జాయింట్‌దేనా అని ముందు చూడండి. ఇంజిన్ ఆపి, ఒకరు స్టీరింగ్‌ను అటూ ఇటూ ఆడిస్తుంటే జాయింట్ మీద చెయ్యి వేయండి. పై యోక్ (క్రాస్‌ను పట్టుకునే పంగలాంటి భాగం) తిరిగాక కింది యోక్ ఆలస్యంగా కదిలితే అరిగింది అదే. రెండూ కలిసే తిరిగితే స్టీరింగ్ బాక్సు, టై రాడ్ ఎండ్లు (చక్రాలను తిప్పే కడ్డీల కొన కీళ్లు) చూడాలి.

సర్‌క్లిప్‌లు (క్రాస్ కొనల మీది బేరింగ్ కప్పులు జారకుండా ఆపే స్ప్రింగు రింగులు) ఉన్న రకమైతే క్రాస్ మార్చుకోవచ్చు. చక్రాలు తిన్నగా ముందుకు ఉంచి, స్ప్లైన్ల (షాఫ్ట్ కొన మీది పళ్ల) మీద పెయింటు గీత గీసి షాఫ్ట్ విప్పండి. సికింద్రాబాద్‌లోని రాణిగంజ్ విడిభాగాల బజారుకు పాత క్రాస్ పట్టుకెళ్లి, కప్పు వ్యాసం వర్నియర్‌తో సరిచూసి కొనండి. సుత్తితో బాదొద్దు, యోక్ వంగుతుంది. వైస్‌లో ఒకపక్క కప్పుకన్నా చిన్న సాకెట్, రెండోపక్క పెద్దది పెట్టి నొక్కండి.

బిగించేటప్పుడే అసలు చిక్కు. కప్పులోని సన్నటి సూదుల్లో (సూదిలాంటి రోలర్లలో) ఒక్కటి అడ్డంగా పడినా కప్పు పూర్తిగా దిగదు, సర్‌క్లిప్ గాడిలో కూర్చోదు. బలవంతం చేయకుండా బయటికి తీసి, చిక్కటి గ్రీజుతో సూదులను గోడకు అంటించి మళ్లీ దించండి. కొత్త కప్పు చేత్తో తోస్తేనే జారిపోతోందంటే యోక్ రంధ్రం అరిగినట్టే. దానికి వెల్డింగ్ చేయించొద్దు, దయచేసి షాఫ్టే మార్చండి. చివర్లో క్లాంప్ బోల్టు షాఫ్ట్ గాడిలోంచే వెళ్లిందని చూసుకుని కొత్త లాక్‌నట్ వేయండి.