ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గిస్తే ఇంజన్ పాడవుతుందా?

శ్రీశైలం నుంచి దోర్నాలకు ఘాట్ దిగేటప్పుడు గేరు తగ్గిస్తే ఇంజన్ పాడవుతుందా, పెట్రోలు ఎక్కువ తాగుతుందా అని అడిగారు. పద్ధతిగా చేస్తే రెండూ జరగవు. యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే చక్రాలే ఇంజన్‌ని తిప్పాలి. ఆ బరువే బండిని పట్టి ఉంచుతుంది. ఇంజెక్షన్ (పెట్రోలును కొలిచి ఇంజన్‌లోకి చిమ్మే) బండ్లలో అప్పుడు పెట్రోలు దాదాపు ఆగిపోతుంది. న్యూట్రల్‌లో దిగితేనే తాగుతుంది, పైగా భారమంతా బ్రేకుల మీదే. కాలిన వాసన వచ్చిందంటే వాటి పట్టు పోతున్నట్టే, దయచేసి పక్కన ఆపి చల్లారనివ్వండి.

ఆ ఎత్తు ఎక్కడానికి ఏ గేరు పడుతుందో దిగడానికీ దాదాపు అదే. ముందు బ్రేకుతో వేగం తగ్గించి, ఒక్కో గేరే దించండి. మంచి స్పీడులో నాలుగు నుంచి రెండుకి వేసి క్లచ్ వదిలేస్తే మాత్రం ఇంజన్‌కి దెబ్బే. గేరుతో నెమ్మదిస్తే వెనక బ్రేక్ లైటు వెలగదు కాబట్టి, దగ్గరగా బస్సు వస్తుంటే పెడల్‌ని కాస్త తాకండి.