వాగ్దానపు కార్డు తీసుకున్నాక అధ్యాయమంతా చదువు

ప్రియమైన చిన్నాకి,

ప్రభువు నామంలో పెద్దమ్మ దీవెనలు.

ఉద్యోగం పోయిన దగ్గర్నుంచీ చర్చికి వెళ్ళబుద్ధి కావడం లేదనీ, ఈసారి డిసెంబరు 31 రాత్రి ఆరాధన, అదే వాచ్ నైట్‌కి కూడా వెళ్ళననీ మీ అమ్మతో అన్నావట. నిన్ను కోప్పడను. సాక్ష్యాలప్పుడు ఒకరు కారు కొన్నామనీ, ఇంకొకరు వీసా వచ్చిందనీ చెబుతుంటే అక్కడ కూర్చోవడం కష్టమే. అయినా వెళ్ళు నాన్నా. వెనక బెంచీలోనైనా సరే. పాట నోటికి రాకపోతే పక్కవాళ్ళు పాడుతుంటే విను. ఆ రాత్రికి వాళ్ళ విశ్వాసం నీక్కూడా సరిపోతుంది.

పన్నెండు దాటాక పళ్ళెంలో ఒక్కో బైబిలు వచనం రాసిన వాగ్దానపు కార్డులు తెస్తారు కదా. మీ మేలు కోసమే నా ఆలోచనలు, మీకు మంచి భవిష్యత్తు ఇస్తానని దేవుడు చెప్పే యిర్మీయా 29:11 వచ్చినవాళ్ళు ఎంత సంబరపడతారో! నీకు ఏ వచనం వచ్చినా జేబులో పెట్టేసుకోకు, ఇంటికొచ్చి ఆ అధ్యాయమంతా చదువు. యిర్మీయా ఆ మాట రాసింది సుఖంగా ఉన్నవాళ్ళకి కాదు, ఇల్లూ వాకిలీ పోగొట్టుకుని బబులోను చెరలో ఉన్నవాళ్ళకి. అంతకుముందు అధ్యాయంలోనే హనన్యా అనే ప్రవక్త, రెండేళ్ళలో అందరూ తిరిగొచ్చేస్తారని జనం కోరుకున్న మాటే చెప్పాడు. అది అబద్ధమైంది. యిర్మీయా మాత్రం 70 ఏళ్ళన్నాడు. మరి అంతవరకూ? ఇళ్ళు కట్టుకోండి, తోటలు నాటండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చెయ్యండి, మీరున్న పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. ఆ పట్టణం ఎవరిది? వాళ్ళను చెరపట్టినవాళ్ళది! నా మట్టుకు ఆ అధ్యాయంలో అన్నిటికన్నా గొప్ప మాట అదే.

అందుకే, మార్చికల్లా ఉద్యోగం ఖాయమని ఎవరైనా ప్రవచనం చెబితే దాని మీద ఆశ పెట్టుకోకు. దేవుడు నిన్ను మరవలేదన్నదాని మీద పెట్టుకో. పొద్దున్నే 13వ కీర్తన చదువు. ఎన్నాళ్ళు నన్ను మరచిపోతావని దావీదు దేవుణ్ణే నిలదీశాడు, నువ్వూ అడగొచ్చు. ఆ తర్వాత స్నానం చేసి అప్లికేషన్ల పని చూసుకో. అప్పు ఎంతుందో మీ నాన్నకి దాచకుండా చెప్పెయ్యి. నిద్ర పట్టకపోతే డాక్టరుకి చూపించుకో, అది అవిశ్వాసం కాదు, పౌలు వెంట తిరిగిన లూకా వైద్యుడే.

హైదరాబాదు నీకిప్పుడు చేదుగా ఉన్నా, ఉన్నన్నాళ్ళూ అదే నీ ఊరు. మీ చర్చిలో పదో తరగతి పిల్లలుంటారు, సాయంత్రాలు వాళ్ళకి లెక్కలు చెప్పు. పరీక్షలు దగ్గరికొచ్చేస్తున్నాయి.

ఒకటో తారీఖు ఆరాధన అయ్యాక ఫోన్ చెయ్యి. ఏ వచనం వచ్చిందో చెబితే ఆ అధ్యాయం నేనూ చదువుతాను.

మీ పెద్దమ్మ