థిన్ మ్యాన్ సినిమాల్లోని ఆస్టా నిజంగా డిటెక్టివ్ కుక్కేనా? అలాంటి కుక్కను ఫ్లాట్‌లో పెంచగలమా?

మీరు అడిగినవి రెండు. థిన్ మ్యాన్ అనే పాత హాలీవుడ్ డిటెక్టివ్ సినిమాల్లో, హత్య కేసులు తేల్చే నిక్, నోరా దంపతుల వెంట తిరిగే ఆస్టా అనే కుక్క కేసు తేల్చడానికి ఏమైనా పనికొస్తుందా, ఊరికే నవ్వించడానికేనా అన్నది ఒకటి. హైదరాబాద్ ఫ్లాట్‌లో అలాంటి కుక్కను తెచ్చుకోవాలని ఉంది, కుదురుతుందా అన్నది రెండోది. మేముండేది డల్లాస్ పక్కన. ఆస్టా జాతి కుక్కే, అంటే వైర్ ఫాక్స్ టెర్రియర్, మా ఇంట్లో ఉంది. పేరు బంటి. వదిలేసిన కుక్కలకు ఇళ్లు వెతికిపెట్టే ఒక సంస్థ నుంచి తెచ్చుకున్నాం. ఆ సినిమాలన్నా నాకు ప్రాణం కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు సినిమా సంగతి. 1934లో వచ్చిన మొదటి సినిమాలో పెద్ద ఆధారం దొరికేది ఆస్టా వల్లే. కనిపించకుండా పోయిన సైంటిస్టు పనిచేసుకునే షెడ్డుకి నిక్ రాత్రిపూట ఆస్టాను వెంటబెట్టుకుని వెళ్తాడు. నేల మీద ఒకచోట ఆస్టా వాసన పట్టి వదలదు. అక్కడ తవ్వితే శవం బయటపడుతుంది. కేసు మలుపు తిరిగేది అక్కడే. అలాగని ఆస్టాకు పోలీసు కుక్క శిక్షణేమీ లేదు, ధైర్యమూ తక్కువే. గొడవ మొదలైతే దూరి దాక్కునే రకం. నేలలో ఏదో ఉందని ముక్కుకు తెలిసింది, తెలిశాక ఊరుకోలేకపోయింది, అంతే. టెర్రియర్ ఏదైనా చేసేది ఇదే. నక్క బొరియలో దూరితే దాన్ని బయటికి తరమడానికి ఇంగ్లండ్‌లో ఈ జాతిని పెంచారు. నేలలోంచి వాసన తగిలితే కాళ్లు వాటంతటవే తవ్వుతాయి.

రెండో సినిమా (1936) చూస్తే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. రాయికి చుట్టిన ఉత్తరాన్ని ఎవరో కిటికీలోంచి లోపలికి విసురుతారు. కేసుకి అది చాలా ముఖ్యం. ఆస్టా దాన్ని నోట కరుచుకుని ఇల్లంతా పరుగు. నిక్, నోరా వెంటపడేకొద్దీ దానికి హుషారు. చివరికి చేతికి దొరికేసరికి కొంత భాగం నమిలేసి ఉంటుంది. ఒక సినిమాలో ఆధారం తవ్వి చూపిస్తుంది, ఇంకో సినిమాలో ఆధారాన్నే తినేస్తుంది. అందుకే ఆ పాత్ర నాకు అంత ఇష్టం. కథ అవసరానికి తెలివి పెంచలేదు, కుక్కను కుక్కగానే ఉంచారు. మా బంటికీ పోస్టులో వచ్చిన కవరు దొరికితే ఇదే ఆట. వెంటపడితే మన పని అయిపోయినట్టే, సోఫా చుట్టూ ఎంతసేపైనా తిప్పుతాడు. నేను కదలకుండా నిలబడి చిన్న చీజ్ ముక్క చూపిస్తాను. కవరు కింద పడేసి వస్తాడు. నిక్, నోరాలకు ఈ కిటుకు తెలిసి ఉంటే ఆ ఉత్తరం మొత్తం దక్కేది, కానీ అంత మంచి సీను మనకు ఉండేది కాదు.

డాషియల్ హామెట్ రాసిన నవలలో ఆస్టా ఆడకుక్క, జాతి ష్నాజర్. సినిమాకి వచ్చేసరికి మగ వైర్ ఫాక్స్ టెర్రియర్ అయింది. ఆ పాత్ర వేసిన కుక్క అసలు పేరు స్కిప్పీ. శిక్షణ ఇచ్చింది హెన్రీ ఈస్ట్, గేల్ ఈస్ట్ అనే దంపతులు. మీరు తెర మీద చూసి ముచ్చటపడేదంతా వాళ్ల కష్టం. మాటల సినిమాలు వచ్చాక షాట్ నడుస్తుండగా ట్రైనర్ నోరెత్తడానికి లేదు, అంతా చేతి సైగలతోనే జరగాలి. పైగా దర్శకుడు వాన్ డైక్ ఒక్క టేకుతో సరిపెట్టేస్తాడని పేరుపడ్డవాడు. కుక్క తప్పు చేస్తే మళ్లీ మళ్లీ తీద్దాంలే అనుకునే సెట్ కాదది. స్కిప్పీకి బహుమానం నొక్కితే కీచుమనే రబ్బరు ఎలుక, ఒక బిస్కెట్. సీను అయిపోయాక నటులు దాన్ని ముద్దుచేయడానికి వీల్లేదు, ధ్యాస చెదురుతుందని. నోరాగా వేసిన మిర్నా లోయ్‌ని ఒకసారి కరిచింది కూడా. తెర మీద ఆ ముగ్గురినీ చూసి ఒకే కుటుంబం అనుకుంటాం. అంత చనువు కనిపించేలా చేసిన నటుల మీదా, ఈస్ట్ దంపతుల మీదా నాకున్న గౌరవం ఇది తెలిశాక ఇంకా పెరిగింది.

ఆ రబ్బరు ఎలుక సంగతి మామూలు విషయం కాదు. కీచుమనే చప్పుడు టెర్రియర్ చెవికి వేట చప్పుడు. నేను బంటి బొమ్మను జేబులో ఉంచుకుని చిన్నగా నొక్కితే చాలు, చెవులు నిలబెట్టి, తల ఒక పక్కకి వంచి, ఊపిరి బిగబట్టి చూస్తాడు. పోస్టర్ల మీద ఆస్టా ముఖం సరిగ్గా అదే. చూసేవాళ్లకి ఆలోచిస్తున్నట్టు ఉంటుంది. వాడి ధ్యాస మాత్రం నా జేబు మీదే.

స్కిప్పీ ఇంకా రెండు గొప్ప సినిమాల్లో కనిపిస్తుంది. 1937 నాటి ది ఆఫుల్ ట్రూత్‌లో విడాకులు తీసుకుంటున్న భార్యాభర్తలు కుక్క ఎవరికి దక్కాలని కోర్టులో పోట్లాడుకుంటారు. 1938 నాటి బ్రింగింగ్ అప్ బేబీలో డైనోసార్ ఎముకను తోటలో పాతిపెట్టేదీ ఈ కుక్కే. థిన్ మ్యాన్ వరుస 1947 దాకా ఆరు సినిమాలు నడిచింది. చివరివాటిలో ఆస్టాగా వేసినవి వేరే కుక్కలు.

ఇక మీ ఫ్లాట్ సంగతి. మొదటి సినిమా ఆడాక అమెరికాలో ఈ జాతికి గిరాకీ బాగా పెరిగిందట. మీకు కలిగిన కోరిక తొంభై ఏళ్ల కిందటే చాలామందికి కలిగిందన్నమాట. ఎత్తు అడుగుంపావుకి అటూ ఇటూ, బరువు ఎనిమిది కిలోలు. కొలతలు చూస్తే ఫ్లాట్‌కి సరిపోయే కుక్కే. చిక్కల్లా దాని స్వభావంతో. ఫెన్సు మీద ఉడుత కనిపిస్తే బంటికి నా పిలుపు వినపడదు, అందుకే బయట ఎప్పుడూ బెల్టు విప్పను. తవ్వుకోవడానికి పెరట్లో ఒక మూల ఇసుక పోసి వాడికి వదిలేశాం. మీ బాల్కనీలో కుండీలు ఉంటే వాటి మీద ఆశ వదులుకోండి. లిఫ్ట్ చప్పుడైనా, ఎవరైనా కాలింగ్ బెల్ కొట్టినా మొరుగుతుంది, పక్క ఫ్లాట్ వాళ్లతో ముందే మాట్లాడుకోవాలి. ఎండ డల్లాస్‌లోనూ తక్కువేం కాదు. వేసవిలో తెల్లవారుజామున ఒకసారి, చీకటి పడ్డాక ఒకసారి తిప్పుతాం. రోడ్డు మీద అరచేయి వెనకవైపు ఆనించి చూసి, కాలుతుంటే వెనక్కి తెచ్చేస్తాం.

జుట్టు పని గురించి ఎవరూ ముందు చెప్పరు. వీటి వెంట్రుక కొబ్బరి పీచులా బిరుసుగా ఉంటుంది. దాన్ని మెషిన్ పెట్టి కత్తిరిస్తే క్రమంగా మెత్తబడి, రంగు వెలిసిపోతుంది. చచ్చిన వెంట్రుకను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కొద్దికొద్దిగా పట్టి, పెరిగిన దిక్కుకే లాగాలి. వీపు దగ్గర సులువుగా వచ్చేస్తుంది, చెవుల దగ్గర ఓపిక కావాలి. తెనాలి నుంచి మా అమ్మ వచ్చినప్పుడు ఇది చూసి "నోరు లేని జీవాన్ని అట్లా పీకుతావేంటే, పాపం!" అని కేకలేసింది. బంటి మాత్రం నా ఒళ్లోనే కునుకు తీశాడు. పక్కకి వచ్చి కూర్చుని చూశాక అమ్మే దువ్వెన అందుకుంది. ఈ పని తెలిసినవాళ్లు మీ దగ్గర దొరక్కపోతే నేర్చుకోవాల్సింది మీరే.

మీ ఇద్దరూ ఆఫీసుకి వెళ్తే పొద్దుటి నుంచి రాత్రి దాకా ఇంట్లో కుక్క ఒక్కతే ఉంటుందని రాశారు. ఇదే అన్నిటికన్నా పెద్ద అడ్డంకి. సినిమాల్లో ఆస్టాను గమనించండి. బారుకి కూడా నిక్, నోరా దాన్ని వెంట తీసుకెళ్తారు. 1945 సినిమాలో రైలు పెట్టెలోకి కుక్కను రానివ్వకపోతే, దానితోపాటు వాళ్లూ సామాన్ల పెట్టెలో కూర్చుని ప్రయాణం చేస్తారు. టెర్రియర్‌కి కావాల్సింది అదే, మనుషులు పక్కన ఉండటం. బంటిని ముందు పెంచిన కుటుంబం వదులుకున్నదీ ఇంట్లో ఎవరూ ఉండక, అది సోఫాలు చీలుస్తుంటేనే. మేం తీసుకోగలిగాం అంటే నాకు ఇంటి నుంచే పని కాబట్టి.

మీలో ఒకరైనా పగలు ఇంట్లో ఉండగలిగితే ఆలోచించండి. అప్పుడు కూడా ఈ జాతినే కావాలని పట్టుపట్టకండి. మన దగ్గర ఇవి అరుదు, ఆ పేరు చెప్పి వేరే జాతి కుక్కపిల్లను అంటగట్టే అవకాశం ఎక్కువ. తల్లికుక్కను కళ్లారా చూడకుండా డబ్బు ఇవ్వొద్దు. మన ఊరి కుక్కపిల్లలు షెల్టర్లలో చాలా ఉంటాయి, ఆ ఎండకు అలవాటుపడ్డవి, ముక్కు విషయంలో ఆస్టాకి ఏమాత్రం తీసిపోవు. కవరు పట్టుకుని పారిపోయే ఆట వాటికీ బాగా వచ్చు. ఈలోపు మొదటి రెండు సినిమాలూ వరుసగా మళ్లీ చూడండి. ఈసారి నిక్ ముఖం వదిలేసి, ఫ్రేములో కింద మూలన కుక్క ఎటు చూస్తోందో గమనించండి. చాలా షాట్లలో దాని చూపు కెమెరా పక్కకి, ట్రైనర్ చేతుల వైపే ఉంటుంది.