క్యాథలిక్ స్కూల్లో ఒకటి, రెండు తరగతుల పిల్లల రోజు ఎలా గడుస్తుంది? హోంవర్క్ ఎంత ఉంటుంది?

రోజంతా ప్రార్థనలే అనుకుంటారు గానీ, అలా ఏం ఉండదండీ. పొద్దున సిలువ గుర్తు వేసుకుని ఓ చిన్న జపం, ఆ తర్వాత మామూలు బడే. ఎక్కువ సమయం చదవడం, రాయడం, లెక్కలకే పోతుంది. సత్యోపదేశం, అంటే క్యాథలిక్ విశ్వాసం గురించి చెప్పే పీరియడ్, విడిగా ఉంటుంది. ఒకటో తరగతిలో అదంతా బైబిలు కథలు, బొమ్మలకు రంగులు, పరలోక జపం, మంగళవార్త జపం నోటికి రావడం.

రెండో తరగతి కాస్త వేరు. చాలాచోట్ల ప్రథమ దివ్యసత్ప్రసాదానికి, అంటే పూజలో క్రీస్తు శరీరంగా నమ్మే అప్పాన్ని మొదటిసారి తీసుకోవడానికి, తయారుచేసేది ఆ ఏడాదే. 1910లో పదవ పయస్ పోపు ఆ వయసును సుమారు ఏడేళ్లుగా ఖరారు చేశారు. అంతకుముందు పిల్లలు ఇంకా పెద్దయ్యేదాకా ఆగాల్సి వచ్చేది. పాపసంకీర్తనం, అంటే ఫాదర్ దగ్గర తప్పులు ఒప్పుకోవడం, ఎలా చేయాలో కూడా అప్పుడే నేర్పుతారు. క్యాథలిక్కులు కాని పిల్లలు పాఠం వింటారు, ఈ సంస్కారాలు (చర్చి పవిత్ర కర్మలు) మాత్రం తీసుకోరు.

ఇక హోంవర్క్. తరగతికి పది నిమిషాల చొప్పున అని అమెరికాలో ఓ వాడుక లెక్క ఉంది, అంటే రెండో తరగతికి ఇరవై. ఒక పేజీ పైకి చదవడం, ఐదారు కూడికలు, కొన్ని స్పెల్లింగులు. నన్నడిగితే వీటిలో చదివి వినిపించడమే అసలు పని. పిల్ల గంటసేపు పెన్సిల్ నములుతూ కూర్చుంటే మీరు చేసిపెట్టకండి, డైరీలో టీచర్‌కి ఓ ముక్క రాయండి.