సుగంధ సందేహాలు: పచౌలీ సెంటుకు ఆ మట్టి వాసన ఎందుకు?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అమ్మాయి పుట్టినరోజుకు పచౌలీ ప్రధానంగా ఉన్న సెంటు పంపించింది. చేతి మీద కొట్టుకోగానే వానాకాలంలో తలుపులు తీయని సామాన్ల గదిలోకి వెళ్లినట్లు అనిపించింది. మా అత్తగారైతే పాత బీరువా ఎవరు తెరిచారని అడిగారు. మధ్యాహ్నానికి అదే చేతి నుంచి కొంచెం తియ్యగా, ఎంతో హాయిగా వాసన వచ్చింది. సీసా పాడైందా, లేక దీని తీరే ఇంతా? ఎలా వాడుకోవాలి?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: సీసాకు ఏమీ కాలేదు, పచౌలీ తీరే అది. తులసి, పుదీనాల కుటుంబానికే చెందిన ఈ గుబురు మొక్కను నేడు ఎక్కువగా ఇండోనేషియాలో, ముఖ్యంగా సుమత్రా, సులవేసి దీవుల్లో పండిస్తున్నారు. దీని సుగంధం పువ్వులో కాక ఆకులో ఉంటుంది. పచ్చి ఆకుకు పెద్దగా వాసన ఉండదు కనుక, కోసిన ఆకును ఎండబెట్టి, కొంతకాలం మగ్గనిచ్చి, ఆ తరువాతే ఆవిరి పట్టి నూనె తీస్తారు. కొత్త నూనె కాస్త మొరటుగా ఉండి, నిల్వ ఉన్న కొద్దీ మెత్తబడుతుంది. మీ చేతి మీద ఉన్నది మగ్గిన ఎండుటాకు సారం కాబట్టి, అందులో చెమ్మ, చెక్క, మట్టి తోచడం సహజమే.

మీ అత్తగారికి బీరువా గుర్తుకు రావడంలో కూడా విడ్డూరమేమీ లేదు. 19వ శతాబ్దంలో మన దేశం నుంచి ఐరోపాకు ఓడల్లో పంపే కాశ్మీరు శాలువాల మడతల మధ్య, పురుగు పట్టకుండా ఎండు పచౌలీ ఆకులు వేసేవారు. అక్కడి కొనుగోలుదారులు ఆ వాసనను బట్టే అసలైన శాలువాను పోల్చుకోవడం మొదలుపెట్టారు. కలరా ఉండలు రాకముందు బట్టల పెట్టెల్లో ఇలాంటి ఆకులకు ఉన్న స్థానం అది.

ఇక ఉదయానికీ మధ్యాహ్నానికీ తేడా ఎందుకంటే, సెంటులోని పదార్థాలన్నీ ఒకే వేగంతో ఆవిరి కావు. నిమ్మ, నారింజ వంటివి అరగంటలోనే ఎగిరిపోతాయి, పూల వాసనలు మరికొంతసేపు ఉంటాయి, పచౌలీ నూనెలో ప్రధానమైన పచౌలాల్ అనే బరువైన అణువు మాత్రం చర్మాన్ని పట్టుకుని గంటల తరబడి నిలుస్తుంది. మొదట్లో ముక్కుకు తగిలే కర్పూరపు ఘాటు, ముక్క వాసన తగ్గిన కొద్దీ అడుగున ఉన్న చెక్క వాసన, కోకోను తలపించే తీపి పైకి వస్తాయి. మధ్యాహ్నం మీకు హాయిగా తోచింది ఈ భాగమే. నా దృష్టిలో పచౌలీకి విలువ కట్టవలసిందీ దీనిని బట్టే.

చాలామంది ఇక్కడొక ఆశ పెట్టుకుని నిరాశపడుతుంటారు. మట్టి వాసన అనగానే తొలకరి చినుకులకు నేల నుంచి లేచే పరిమళాన్ని ఊహించుకుంటారు. ఆ పరిమళం నేలలోని సూక్ష్మజీవులు తయారుచేసే జియోస్మిన్ వంటి పదార్థాలది, పచౌలీకి దానితో సంబంధం లేదు. తొలకరి వాసనే కావాలనుకునేవారు ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో కాల్చిన మట్టిని నీళ్లలో మరిగించి, ఆ ఆవిరిని గంధపు నూనెలోకి ఎక్కించి తయారుచేసే మిట్టీ అత్తరును వెతుక్కోవాలి.

వాడకం విషయానికి వస్తే, స్నానం చేసి, ఒంటికి వాసన లేని క్రీము రాసుకున్న తరువాత, మోచేతి మడతలో ఒక్కసారి కొట్టుకుంటే చాలు. కొట్టుకున్న చోట రుద్దకుండా దానంతట అదే ఆరనివ్వండి. బయటికి వెళ్లడానికి గంట ముందే ఈ పని ముగిస్తే, ఆ సామాన్ల గది ఘట్టం ఇంట్లోనే గడిచిపోతుంది. పట్టుచీర మీద మాత్రం నేరుగా కొట్టవద్దు, పచౌలీ నూనె రంగు ముదురు కనుక లేతరంగు పట్టుకు మరక పడవచ్చు. పైగా బట్టలో చేరిన వాసన ఒక పట్టాన వదలదు. కాకినాడ వంటి ఉక్కపోత ఊళ్లో మే నెలలో దీనిని సాయంత్రాలకు ఉంచుకుని, పగటి వాడకానికి మార్గశిరం దాకా ఆగడం మేలని నా అభిప్రాయం.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఇంకొకటి ఉంది. ఎడతెగకుండా వచ్చే వాసనకు మన ముక్కు త్వరగా అలవాటుపడి, దానిని పట్టించుకోవడం మానేస్తుంది. వాసన పోయిందనుకుని మీరు రెండోసారి, మూడోసారి కొట్టుకుంటారు, పక్కన కూర్చున్నవారికి మాత్రం మూడూ కలిసి తగులుతాయి. పచౌలీకి చెడ్డపేరు వచ్చిందంటే అందులో సగం పాపం ఈ అలవాటుదే. అనుమానం వస్తే ఇంట్లోవారిని అడగండి. మీ అత్తగారి ముక్కు చురుకైనదని తెలుస్తూనే ఉంది.

ప్రశ్న: నేను పచౌలీ వాడిన రోజున ఆఫీసులో అందరూ అగరుబత్తీ వెలిగించావా అంటున్నారు. మానేయాలా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: అగరుబత్తీల తయారీలోనూ పచౌలీ విరివిగా వాడతారు కనుక మీ సహోద్యోగుల ముక్కు తప్పు చెప్పడం లేదు. మానేయనక్కరలేదు గానీ, జత మార్చి చూడండి. పచౌలీ గంధం, సాంబ్రాణి వంటి వాటితో కలిస్తే పూజగది వైపు, గులాబీతో కలిస్తే పెళ్లిపందిరి వైపు మొగ్గుతుంది. 1992లో వచ్చిన ఏంజెల్ అనే ఫ్రెంచి సెంటులో దీనిని పీచుమిఠాయి వాసననిచ్చే ఇథైల్ మాల్టాల్‌తో జతచేశాక, తీపి సెంట్లకు ప్రపంచమంతటా గిరాకీ పెరిగింది. ఆఫీసుకైతే నారింజ లేదా గులాబీ కలిసినది మేలు. చార్మినార్ దగ్గరి అత్తరు దుకాణాల్లో అడిగితే మణికట్టు మీద చుక్క రాస్తారు. అక్కడికక్కడే కొనకుండా, లాడ్ బజారంతా తిరిగి, చాయ్ తాగి, రెండు గంటల తరువాత మరోసారి వాసన చూసుకుని అప్పుడు బేరమాడండి.