ఒక్క లోహం వెంట నడువు

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను, తల్లీ. యూరప్ పరిశ్రమల్లో ఇనుమేతర లోహాలన్నీ అందులో వచ్చాయి. రాగికో పేరా, అల్యూమినియానికో పేరా, జింక్‌కీ సీసానికీ నికెల్‌కీ తలా ఒకటి. తప్పులేమీ లేవు. కానీ ఊళ్లన్నీ రైలు కిటికీలోంచి చూసి రాసినట్టుంది. ఎక్కడా దిగలేదు నువ్వు.

ఒక్క లోహం పట్టుకో. నన్నడిగితే జింక్ పట్టుకోమంటాను, ఎందుకంటే నువ్వు చదివేది జర్మనీలోని ఆఖెన్‌లో. అక్కణ్ణుంచి బెల్జియం సరిహద్దు దాటగానే కెల్మిస్ అనే చిన్న ఊరుంది. ఫ్రెంచివాళ్లు దాన్ని లా కాలమీన్ అంటారు. కాలమైన్ అంటే జింక్ ఖనిజమే, దాని పేరే ఆ ఊరికి పడింది. నెపోలియన్ ఓడిపోయాక అక్కడి గని జర్మన్ రాజ్యమైన ప్రష్యాదా నెదర్లాండ్స్‌దా అన్న తగువు తెగలేదు. చివరికి 1816లో సుమారు మూడున్నర చదరపు కిలోమీటర్ల నేలని ఇద్దరిలో ఎవరికీ చెందకుండా వదిలేశారు. 1880ల్లో గని అడుగంటింది. తటస్థ మోరెస్నే అన్న ఆ ముక్క మాత్రం 1920 దాకా అలాగే ఉంది.

వేసవి మొదట్లో ఓ సెలవురోజు వెళ్లిరా. గడ్డిలో పసుపు రంగు చిన్న పూలు కనిపిస్తాయి, వయొలా జాతివి. జింక్ నిండిన నేలలో చాలా మొక్కలు బతకవు, ఇవి అక్కడే బతుకుతాయి. నీ వ్యాసంలో కాలుష్యం అన్న మాట ఎన్నిసార్లు వచ్చిందో లెక్కపెట్టుకో. ఆ పువ్వు దగ్గర గొంతుక్కూర్చుని, దాని రేకులూ దాని కింది మట్టీ చూసి రాసిన రెండు వాక్యాలు వాటన్నిటికంటే ఎక్కువ చెబుతాయి.

ఆ తర్వాత 'ఎందుకు' అని అడుగు. ఆఖెన్, స్టోల్‌బెర్గ్ కంచరులు శతాబ్దాల పాటు రాగిలో కాలమైన్ కలిపి ఇత్తడి చేశారు. జింక్‌ని విడిగా కంటితో చూడకుండానే చేశారు! 907 డిగ్రీల దగ్గర అది మరిగి ఆవిరైపోతుంది, కొలిమి తెరిస్తే ఏమీ మిగలదు. ఆ ఆవిరిని మూసల్లో పట్టి చల్లార్చే విద్య మన రాజస్థాన్‌లోని జావర్‌లో యూరప్‌కంటే శతాబ్దాల ముందే ఉంది. లీజ్ నగరంలో జాన్-జాక్ దోనీ 1810లో జింక్ తీసే తన కొలిమికి పేటెంట్ తెచ్చుకున్నాడు. 1819లో డబ్బు లేకుండానే పోయాడు. ఆయన్ని వదిలేసి ఈ కథ రాయకు.

నా తప్పొకటి చెబుతాను. జీఐ ఇనుప రేకు మీద జింక్ పూత రంగు పూతలాగే తడి తగలకుండా అడ్డుకుంటుందని ఒకప్పుడు రాశాను. గాల్వనైజింగ్, అంటే ఇనుముకి ఆ పూత వేసే పని చేసే పెద్దాయన కార్డు ముక్క రాశాడు: "గీత పడి ఇనుము బయటపడ్డ చోట కూడా తుప్పు రాదేమండీ?" నా దగ్గర జవాబు లేదు. చదివాక తెలిసింది, ఇనుముకంటే ముందు జింక్ తానే కరిగిపోతూ ఇనుముని కాస్తుందని. ప్రపంచంలో వాడే జింక్‌లో సుమారు సగం ఈ పనికే పోతుంది. మీ రోడ్డు పక్క రెయిలింగ్, దీపస్తంభం, కారు బాడీ రేకు, అన్నీ అదే. అప్పట్నుంచి ఆ పని చేసేవాళ్లకి చూపించందే ఏదీ అచ్చుకివ్వలేదు. నువ్వూ చూపించు.

ఇక గని నుంచి వస్తువు దాకా సాగే దారికి నువ్వు వాడిన "విలువ గొలుసు" అన్న మాట. గొలుసంటే ఒకే వరస. నాకిది పంటకాలువలా కనిపిస్తుంది, దారి పొడవునా పిల్లకాలువలు చీలుతుంటాయి. ఐర్లండ్‌లో నవన్ దగ్గరున్న టారా గనిలాంటి చోట్ల తీసేది సల్ఫైడ్, అంటే గంధకం కలిసిన ఖనిజం. దాన్ని వేయించేటప్పుడు వచ్చే పొగ సల్ఫ్యూరిక్ ఆమ్లమై ఇంకో పరిశ్రమకి పోతుంది. ఫ్రాన్స్‌లో ఓబీ కర్మాగారం జింక్‌తో పాటు ఇండియం కూడా తీస్తుంది, నీ ఫోను తెరలో ఉండేది అదే లోహం. పాత కారు తుక్కు ఎలక్ట్రిక్ కొలిమిలో కరిగితే జింక్ ధూళిలోకి చేరుతుంది. ఆ ధూళిని పట్టి మళ్లీ జింక్ కర్మాగారానికే పంపుతారు. ఖనిజమూ కొనేవాళ్లూ ఉండి కూడా, 2022 సెప్టెంబరులో నెదర్లాండ్స్‌లోని బుదెల్ కర్మాగారం కరెంటు ధరకి తాళలేక కొన్నాళ్లు ఉత్పత్తి ఆపేసింది. ఖనిజాన్ని కరిగించిన ద్రావణంలోంచి జింక్‌ని అల్యూమినియం పలకల మీదికి రప్పించేది కరెంటే మరి.

భాష గురించి ఒక్క మాట. పాఠ్యపుస్తకం యశదం అంటుంది, పెద్దవాళ్లు తుత్తునాగం అనేవారు, పనివాళ్ల షెడ్లో అందరూ జింక్ అంటారు. నువ్వూ జింక్ అనే రాయి. రేకు, పూత, మడత, మడ్డి... ఈ మాటలు నీకు చాలు.

చివరి మజిలీ పారిస్ పెట్టుకో. అక్కడి ఇళ్ల కప్పులు జింక్ రేకులవి, ఆ పనివాళ్ల నేర్పుని 2024లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. ఎండకి రేకు సాగుతుంది కనుక, చెక్క పట్టీల మధ్య దానికి ఊపిరాడే చోటు వదిలి మడుస్తారు. ఎంత వదలాలో ఎలా తెలుస్తుందని ఒక పనివాణ్ణి అడుగు. అతను చేత్తో ఏం చూపించాడో రాసి, ఆ పేజీ ముందు నాకు పంపు.

ఆశీస్సులతో,
మాస్టారు